బాత్రూం కడిగింది నేను

“తాతయ్యా, మీరు గచ్చు తుడవడం ఏంటండీ! ఎప్పట్నుంచి?”

అదిగో, నువ్వూ అలాగే చూస్తున్నావ్. నోరు మూసుకోమ్మా, ఈగలు దూరతాయి. మొన్న పాలావిడ కూడా గుమ్మంలో నించుని ఇలాగే చూసింది. చూసి చూసి పాలు పొయ్యడం మర్చిపోయి వెళ్ళిపోతుంటే మళ్ళీ కేకేసి పిలవాల్సొచ్చింది. డెబ్బై ఆరేళ్ళ ముసలాడు లుంగీ ఎగ్గట్టి తడిగుడ్డ పట్టుకున్నాడని ఊళ్ళో ఇప్పుడు ఇదే కబురు. కాళ్ళు పైకి పెట్టుకో, ఆ పక్కంతా తడి. ఆరనియ్. ఫోను ఆ స్టూలు మీద పెట్టు. రికార్డవుతోందా? ఆఁ, అవనీ.

కాలేజీలో ఏదో రాసుకు రమ్మన్నారన్నావు కదా, ఇదివరకు మందులూ సీసాలూ లేకుండా ఇళ్ళు ఎలా శుభ్రంగా ఉంచుకునేవారో పెద్దవాళ్ళనడిగి. మరి మీ అమ్మమ్మని అడగాలి గానీ నన్నడుగుతావేంటి? ఏంటీ? అమ్మమ్మని అడగొద్దన్నారా? ఎవరూ, మీ అమ్మా? ఆఁ... మతిమరుపా? అమ్మమ్మకి మతిమరుపొచ్చిందనీ, బ్లీచింగులో యాసిడ్ కలిపేసి ప్రాణం మీదకి తెచ్చుకుందనీ, అవన్నీ గుర్తుచెయ్యొద్దనీ... ఇలాగ చెప్పిందా మీ అమ్మ నీకు? రాజమండ్రిలో ఉన్న నీ దాకా వచ్చేసిందా ఈ మాట!

ఆపకు, ఆపకు. అవనీ రికార్డు.

కలిపింది మీ అమ్మమ్మ కాదమ్మా. నేను.

అలా చూడకు నన్ను. నాకే ఇప్పటికీ నమ్మకం కుదరదు. అద్దం ముందు నించున్నప్పుడు ఈ మనిషేనా ఆ పని చేసింది అనిపిస్తది. ఇదిగో, ఈ చేత్తోనే. మీ అమ్మకి తెలీదు, మీ మావయ్యకి తెలీదు, మీ అత్తయ్యకి తెలీదు. నాకూ మీ అమ్మమ్మకీ తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ ఇప్పుడు ఇంట్లో లేదు గనక నోరు పెగిలింది. వెనక వీధిలో లేసు కుట్టే ఆడాళ్ళ దగ్గరికెళ్ళింది, ఓ గంట కూచుని వస్తది. ఉంటే చెప్పనివ్వదు. చెప్తే నా మీద ఒట్టే అంటది. మూణ్ణెల్ల నుంచీ ఆ ఒట్టు మీదే కూచున్నాం ఇద్దరం.

మొదట్నుంచీ చెప్తాను, విను. మీ అమ్మమ్మ కాపరానికొచ్చేటప్పటికి ఇది మట్టిల్లు. కాదు, సగం మట్టి. ముందు గది మా నాన్న గచ్చు చేయించేడు, వెనకంతా మట్టే. రోజు విడిచి రోజు పేడతో అలకాలి. మా అమ్మ ఎంత చాదస్తం మనిషంటే, అలికిన చోట చేత్తో రాసి చూసేది, ఎక్కడైనా గరుగ్గా తగుల్తదేమోనని. అలాంటిది ఒకరోజు నాతో అంది, మహాలక్ష్మి చెయ్యి మంచిదిరా సత్యం, ఇల్లు కళగా ఉంటోందీ అని. నాతోనే అంది, చాటుగా. కోడలి మొహం మీద అంటే నెత్తికెక్కుతదని భయం. ఆ మాట నేనూ మీ అమ్మమ్మకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మరి. చెప్పాల్సింది.

ఏం వాడేదంటావా? అదేనమ్మా నా సిగ్గు. యాభై రెండేళ్ళు ఆవిడ చేత్తో తిన్నాను, ఆవిడ ఏం వాడేదో నాకు తెలీదు. నేను లేచేటప్పటికి వాకిలి చిమ్మేసుండేది, ముగ్గు పడిపోయుండేది, గచ్చు తుడిచి ఆరిపోయుండేది. ఇళ్ళంటే అలాగే ఉంటాయనుకున్నాను. నిజంగా. వాటంతటవే. ఇప్పుడు ఆవిడ ఆ కుర్చీలో కూచుని చెప్తుంటే నేను చేస్తున్నాను గనక నాలుగు ముక్కలు తెలిసేయి. రాసుకో కావాలంటే.

గచ్చుకి కుంకుడుకాయలు. నాలుగు కాయలు ముందురోజు నానేసుకుని, పొద్దున్న వేణ్ణీళ్ళలో పిసికి, ఆ నురగలో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవాలి. గట్టిగా పిండాలి, అక్కడుంది కీలకం. నేను మొదట్లో కారిపోతుంటే అలాగే తుడిచేసేవాణ్ణి. గచ్చు మీద చెరువు తవ్వుతున్నారా అని అడిగింది. గుడ్డ కూడా కొన్నది కాదు, నా పాత పంచెలే. గిన్నెలకి ఊక బూడిదా, కొబ్బరి పీచూ. ఆవిడ తమ్ముడు మండపేటలో బియ్యం మిల్లులో పనిచేసేవాడు, ఆ బూడిద గోనెసంచికెత్తి లారీలో పంపేవాడు, ఊరికే. నాకదో చిన్నతనంగా ఉండేది, వియ్యాలవారింటి నుంచి బూడిద వచ్చిందేంట్రా అని నవ్వేవారు మావాళ్ళు. ఇత్తడికి చింతపండు పిండగా మిగిలిన పిప్పి. వరదల్లో కాలవ నీళ్ళు ఎర్రగా వచ్చేవి కదా, అప్పుడు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది. మట్టంతా అడుక్కి దిగిపోయి పైన అద్దంలాంటి నీళ్ళు. ఆ గింజలు సంతలో బేడకి దోసెడిచ్చేవారు. బేడంటే పన్నెండు పైసలు, తెలీదు నీకు. సరేలే.

బాత్రూంకా? బాత్రూంకి పిండేసిన నిమ్మచెక్క, కాస్త ఉప్పు. మరీ ముఖ్యంగా ఏంటంటే, స్నానం అవగానే రబ్బరు చీపురుతో నీళ్ళు తూములోకి లాగేసి, కిటికీ తీసి రావాలి. అంతే. తడి నిలవకపోతే నాచు పట్టదు, నాచు పట్టకపోతే వాసన రాదు, వాసన లేకపోతే సీసాలతో పనిలేదు. రోజుకి రెండు నిమిషాలు. నేనొక్కనాడూ లాగలేదమ్మా. తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసేవాణ్ణి, నా వెనకాల ఆవిడెళ్ళి లాగేది. యాభై రెండేళ్ళు! ఈ మధ్యే తెలిసింది నాకు. తెలిసేక ఓ పూట అన్నం సయించలేదు.

సరే. మొన్న శ్రావణంలో ఆవిడ దొడ్లో కాలుజారి పడింది, కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. సిమెంటు కట్టు వేసేరు, ఆరు వారాలు కదపకూడదన్నారు. పనికొచ్చే అమ్మాయా, రొయ్యల ఫ్యాక్టరీలో తలకాయలు తీసే పనికి కుదిరిపోయింది. మీ అత్తయ్య పాపం పొద్దున్నే వంట చేసి ఇల్లు ఊడ్చి స్కూలుకి పరిగెత్తేది, ఆవిడ మాత్రం ఎన్నని చూస్తది? టీచరుద్యోగం. మీ మావయ్య పగలంతా రొయ్యల చెరువుల మీదే. మీ అమ్మమ్మ ఎడం చేత్తో తుడవబోతే నేను కసిరేను. కసిరేనే గానీ గుడ్డ నేను తీసుకోలేదు, చూడూ. ఆ బుద్ధి పుట్టలేదు.

మూడు వారాలయ్యేటప్పటికి బాత్రూం నేల గోధుమరంగు తిరిగింది. మనూళ్ళో బోరు నీళ్ళ సంగతి తెలుసు కదా, చెరువులొచ్చేక ఉప్పు తేలిపోయేయి. ఒక్క వారం వదిలేస్తే పెంకులకి చార కట్టేస్తది. ఆవిడ అటు వెళ్ళొచ్చినప్పుడల్లా మొహం అదోలా పెట్టేది. ఏమీ అనేది కాదు. అనేస్తే పోయేది, అనదు. అదే నన్ను గుచ్చింది. ఏంటి, ఓ బాత్రూం కడగలేనా నేను? ఎకరాలకెకరాలు చెరువులు శుభ్రం చేయించినవాణ్ణి, ఈ గదెంత, చేటంత!

అదీ నా పొగరు.

ఆవేళ మోటారు సైకిలు మీద సీసాలు కట్టుకుని మైకులో అరుచుకుంటూ వస్తాడే, యాసిడ్ ఫినాయిల్ అనుకుంటూ, వాడి దగ్గర యాసిడ్ సీసా తీసుకున్నాను. మీ అమ్మమ్మ అడిగింది కూడా, అదెందుకండీ అని. నీకెందుకు, కూచో అన్నాను. పోసేను. బుస్సున నురగొచ్చింది. నాకు భలే సంతోషం. కానీ మూలల్లో చార పోలేదు. అప్పుడు తట్టింది నా తెలివికి. చెరువు బ్లీచింగు.

నీకు తెలీదేమో, చెరువుకి కొత్త నీళ్ళు పెట్టుకున్నప్పుడు మొదట బ్లీచింగు కొడతాం. చేపపిల్లా పురుగూ జబ్బూ ఏదున్నా చచ్చిపోవాలి, అప్పుడు గానీ రొయ్య పిల్ల వెయ్యం. అది పంచాయతీవాళ్ళు కాలవ గట్టున జల్లేలాంటిది కాదు, మంచి ఘాటు సరుకు. డ్రమ్ములొస్తాయి. వానలకి షెడ్డు కారుతోందని మీ మావయ్య ఓ డ్రమ్ము మన వెనక వరండాలో పెట్టేడు. పెడుతూ చెప్పేడు కూడా, నాన్నగారూ దీని జోలికెవరూ వెళ్ళొద్దండీ అని. నేను నవ్వేను. ఒరేయ్, నీకు చెరువు నేర్పింది నేనురా అన్నాను.

చెంబెడు తీసుకెళ్ళి ఆ యాసిడ్ మీద గుమ్మరించేను.

పొగ లేచింది. తెల్లగా కాదు, పచ్చగా, కాస్త పసుపు కలిసిన పచ్చ. కళ్ళు మండేయి, గొంతు పట్టేసింది, దగ్గుతూ బయటపడ్డాను. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? పనిచేస్తోంది అనుకున్నాను! ఎంత ఘాటుంటే అంత శుభ్రం. చెరువు గట్టు మీద కొట్టినప్పుడు కూడా కళ్ళు మండుతాయి మాకు, ముక్కుకి తువ్వాలు కట్టుకుంటాం, గాలికి పోతది. గట్టు మీద గాలి ఉంటదమ్మా. ఆ గదిలో గాలేదీ? కిటికీ నేనే మూసేను, పక్కవాళ్ళకి వాసనొస్తే ఏమనుకుంటారో అని. తలుపు దగ్గరగా వేసేసి, పేపరు తీసుకుని వీధరుగు మీదకొచ్చి కూచున్నాను.

మీ అమ్మమ్మ వెళ్ళింది. ఆవిడకి అలవాటు కదా, నేల మీద నీళ్ళు నిలిచుంటే చూసి ఊరుకోదు. వెళ్ళింది, అంతే.

చెంబు పడ్డ చప్పుడు వినపడింది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

ఎలా పరిగెత్తేనో నాకు తెలీదు. తలుపు తోస్తే ఆవిడ కాళ్ళు అడ్డం. లోపల ఆ పచ్చటిది నేలమట్టంగా ఉండిపోయింది, మంచు పట్టినట్టు, ఆవిడ మొహం అందులో ఉంది. సిమెంటు కట్టు ఉన్న చెయ్యి కింద పడిపోయింది. ఊపిరి బిగబట్టి రెక్క పట్టుకు లాగేను. హాల్లోకి, హాల్లోంచి అరుగు మీదకి. నోరు తెరిచుంది గానీ లోపలికి గాలి వెళ్ళట్లేదు. కుయ్‌కుయ్‌మని చప్పుడు. పెదాలు నీలంగా. మహాలక్ష్మీ అని పిలిచేను. పెళ్ళయ్యేక ఆవిణ్ణి పేరెట్టి పిలవడం అదే మొదలు. ఎదురింటివాళ్ళు కారు తీసేరు. భీమవరం వెళ్ళేదాకా ఆవిడ తల నా ఒళ్ళో ఉంది, నేను దగ్గుతూనే ఉన్నాను, ఆవిడ కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. కోపంగా చూసినా బాగుండేది. ఏమైందండీ అన్నట్టు చూసింది. అంతే.

ఆక్సిజన్ పెట్టేరు. డాక్టరుగారు బయటికొచ్చి, యాసిడ్‌లో బ్లీచింగు కలిపితే విషవాయువు వస్తదండీ, ఇంకో రెండు నిమిషాలయితే దక్కేది కాదు, ఎవరు కలిపేరు అని అడిగేరు. అప్పటికే మీ మావయ్య చెరువు బట్టల్తోనే వచ్చేసేడు. ఒళ్ళంతా బురద. ఆ డ్రమ్ము ఎవరు ముట్టుకున్నారు, వద్దని చెప్పేను కదా, ఎవరు, అని ఆసుపత్రి అదిరిపోయేలా అరుస్తున్నాడు. నేను నోరు తెరిచేను. తెరిచేనమ్మా, ప్రమాణంగా. అంతలోకి ఆవిడ మంచం మీంచి ఎడం చేత్తో ఆ ముక్కుకి పెట్టింది పక్కకి తీసి, నేనేరా, తెలీక కలిపేను అంది. మాట కూడా సరిగ్గా రావట్లేదు. అంది, నా వైపు చూసి మళ్ళీ అది పెట్టేసుకుంది.

నా నోరు అలాగే మూసుకుపోయింది.

ఎందుకంటే ఏం చెప్పను? కొడుకు ముందు తల దించుకోవడం చేతకాలేదు. సాయంత్రం చెప్దామనుకున్నాను. సాయంత్రం మీ అమ్మొచ్చింది ఏడుస్తూ, రేపు చెప్దామనుకున్నాను. రేపటికి చుట్టాలొచ్చేరు. ఇన్నేళ్ళు కాపరం చేసినదానివి, ఆ మాత్రం తెలీలేదా మహాలక్ష్మీ అని ఆవిడ సొంత అక్కే అంది, పక్కన కూచుని బత్తాయి వలుస్తూ. ఆవిణ్ణి! ఇల్లు ఉంచుకోవడంలో ఊరంతా పేరు చెప్పుకునే మనిషిని! ఆవిడ ఆ మాట విని బత్తాయి తొన తీసుకుని తింది. నేను పక్కనే నించున్నాను, కర్రలాగ.

ఇంటికొచ్చేక ఒట్టేయించుకుంది. అయిపోయింది కదండీ, నేను బాగానే ఉన్నాను కదా, ఇప్పుడు వాడితో చెప్తే మీ ఇద్దరికీ మాటలుండవు, ఒద్దు. నా మీద ఒట్టు. నేనూ సరే అన్నాను. సరే అన్నప్పుడు నాకు తేలిగ్గా అనిపించింది కూడా. దాచడమెందుకు? హాయిగా అనిపించింది.

ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఘాటు వాసనేదీ తగలకూడదన్నారు డాక్టర్లు. అప్పుడు గుడ్డ పట్టుకున్నాను నేను. ఆవిడ చెప్తుంటే, నేను చేస్తుంటే. మరి ఊళ్ళోవాళ్ళేమంటున్నారో తెలుసా? సత్యంగారంత మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలీ అంటున్నారు. పెళ్ళాం చేసిన తెలివితక్కువ పనికి ఈ వయసులో ఆయన చాకిరీ చేస్తున్నాడు పాపం, అని. మా ఇంటి ముందే అంటారు, ఆవిడ వింటుండగా. ఆవిడ కూడా తలాడిస్తది! నాకైతే ఆ మాట విన్నప్పుడల్లా ఈ గచ్చులోకి దిగిపోవాలనిపిస్తది.

అది అక్కడితో ఆగిందా? మీ అత్తయ్య మంచిదే, ప్రేమతోనే చేసింది, కానీ బాత్రూం సామాన్లూ వంటసోడా నిమ్మ ఉప్పూ అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. అత్తయ్యగారూ, మీరింక ఏదీ ముట్టుకోకండి, కావాలంటే నన్నడగండి. నిమ్మ ఉప్పుక్కూడా అడగాలి, తన ఇంట్లో. స్టవ్వు ఎవరూ లేనప్పుడు వెలిగించకూడదు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది ఓ రోజు. ఎవరికి పడదు? కోడలూ కొడుకూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని వెతుక్కుంటే మళ్ళీ చూసుకున్నారు. అది నేను రోజూ చేస్తాను, నన్నెవడూ చూడడు! అలా పోగుచేసి పోగుచేసి, అమ్మకి మతి తప్పుతోందని తేల్చేరు. వచ్చే సోమవారం రాజమండ్రిలో మెదడు డాక్టరుకి చూపించాలట. మీ అమ్మ అక్కడ గది సర్దుతోంది కూడానట. నీకు తెలిసే ఉంటది.

ఇదంతా వింటూ కూడా నేను ఊరుకున్నానమ్మా. డాక్టరు చూస్తే ఏం పోయింది, ఏమీ లేదని ఆయనే చెప్తాడు, నేను చెప్పకుండానే గడిచిపోతది కదా అనుకున్నాను. చూడు మనిషి ఎంత దూరం వెళ్తాడో.

నిన్న మధ్యాహ్నం. నేను ఇక్కడే తుడుస్తున్నాను, ఆవిడ ఆ కుర్చీలో కూచుంది, ఎడం చేత్తో కుడిచేతి వేళ్ళు ఒత్తుకుంటోంది. నేను మూల వదిలేసేను, ఆ బల్ల కింద. రోజూ అయితే చెప్తది, ఆ మూల పోయిందండీ అని. నిన్న చెప్పలేదు. అప్పుడు అడిగింది.

“ఏమండీ, నిజంగా నేనే కలిపేనేమో కదండీ?”

వేళాకోళం అనుకున్నాను, మొహం చూస్తే వేళాకోళం లేదు. అందరూ అంటున్నారు కదండీ, ఇంతమందికీ పొరపాటవుద్దా, నాకు ఆవేళది సరిగ్గా గుర్తు రావట్లేదు, లోపలికి వెళ్ళడం గుర్తుంది, చెంబు పట్టుకోవడం గుర్తుంది, ముందు నేనేం చేసేనో గుర్తు లేదు. మనిద్దరమే ఉన్నప్పుడు మీరే కలిపేనంటారు చూడండి, అది నా కోసం మీ మీద వేసుకుంటున్నారేమో కదా.

నా కోసం, అంది! విన్నావా? నేను ఆవిడ కోసం మోస్తున్నానట!

నువ్వు కాదే, కలిపింది నేనే, నేనే అన్నాను. నాలుగుసార్లు అన్నాను. ఆవిడ నా వైపు చూసి నవ్వింది, చిన్నపిల్లల్ని బుజ్జగించినట్టు. సరేలెండి, ఏడవకండి అంది. నమ్మలేదమ్మా. నా మాట నమ్మలేదు. నేను ఆవిడ ఊపిరే తీసేననుకున్నాను ఇన్నాళ్ళూ, మిగతాది కూడా తీసేస్తున్నాను. రోజూ కాస్త కాస్త.

రాత్రంతా ఆలోచించేను. నువ్వు పొద్దున్న ఫోను పట్టుకుని వచ్చేవు. ఇది నోటి మాటగా చెప్తే పనవదు. ముసలాయన పెళ్ళాం మీద ప్రేమకొద్దీ అంటున్నాడనుకుంటారు, ఆవిడే అలా అనుకుంటుంటే ఇంక వాళ్ళెంత. అందుకని పూసగుచ్చినట్టు చెప్పేను, యాసిడ్ ఎవడి దగ్గర కొన్నానో, డ్రమ్ము ఎక్కడుందో, చెంబెడు ఎలా గుమ్మరించేనో. మీ మావయ్యకి తెలుస్తది, డ్రమ్ము దగ్గర నేనన్న మాట వాడికి గుర్తుంటది. వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు ఆ మాట.

ఇంకొకటుంది. ఇందాక ఒక అబద్ధం చెప్పేను నీకు. ఆవిడంతట ఆవిడే వెళ్ళిందన్నాను చూడూ, నీళ్ళు నిలిస్తే చూసి ఊరుకోదనీ... కాదు. అది కాదు జరిగింది.

నేను అరుగు మీదకొచ్చి కూచున్నాక ఆవిడ హాల్లోంచి అడిగింది, ఏంటండీ ఆ దగ్గు, ఏం పోసేరు అని. నేను పేపర్లోంచి తలెత్తకుండా అన్నాను, వెళ్ళి చూడవే, నువ్వు యాభయ్యేళ్ళలో చెయ్యలేనిది పావుగంటలో చేసి పెట్టేను, అద్దంలా అయిపోయుంటది అన్నాను. ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళింది. నవ్వు వినిపించింది నాకు. తలుపు తీసిన చప్పుడు కూడా వినిపించింది.

వెళ్ళమన్నది నేను. ఆవిడకి అదీ గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే మంచిదని ఊరుకున్నాను. ఇప్పుడు అదీ తెలియాలి ఆవిడకి. తెలిస్తే నా మొహం చూడదేమో. చూడకపోయినా సరే, తన బుర్ర తనకి బాగానే ఉందని తెలియాలి కదా. లేకపోతే ఇంకేం మిగిల్తది మనిషికి?

ఏడవకు. నువ్వెందుకు ఏడుస్తావ్? ఇది ఆపి మీ అమ్మకి పంపు. మీ మావయ్యకి, మీ అత్తయ్యకి. మనవాళ్ళందరూ ఉండే గ్రూపు ఉంది కదా, దాంట్లో పెట్టెయ్. ఆవిడ అక్కగారు కూడా ఉంది అందులో, ఉండనీ, వినాలి ఆవిడ. పంపేక నా చేతిలో పెట్టు ఫోను, మీ అమ్మమ్మకి నేనే వినిపిస్తాను, దగ్గర కూచుని. మొదట్నుంచీ.

గేటు చప్పుడయింది. వస్తున్నట్టుంది. చెప్పులు విప్పుతోంది, వినపడిందా? పంపెయ్ తల్లీ, పంపెయ్. నూరేళ్ళు పిల్లాపాపల్తో చల్లగా ఉందువు గాని, ముందు ఆ మీట నొక్కు. ఆవిడ లోపలికొచ్చి ఏం చెప్తున్నారండీ అందంటే నేను మళ్ళీ ఏమీ లేదే అనేస్తాను. నా సంగతి నాకు తెలుసు. నొక్కమ్మా, నొక్కు...